నోబెల్ వచ్చిన నోటికి అడ్డెవరు?

ఉద్దానంలో డయాలసిస్ రోగి ముంజేతి మీద ఉబ్బెత్తుగా కనిపించే ఫిస్టులా ఉంటుంది కదా, ధమనినీ సిరనూ కలిపి కుట్టింది. ఆ విద్యకు బాట వేసినవాడు ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ కారెల్. 1894లో లియాన్‌లో దేశాధ్యక్షుడు సాదీ కార్నో కత్తిపోటుకు గురైతే, తెగిన రక్తనాళాన్ని కుట్టడం తెలియక డాక్టర్లు చేతులెత్తేశారు. కారెల్‌కి ఆ సంగతి మింగుడుపడలేదు. ఎంబ్రాయిడరీ చేసే ఆవిడ దగ్గర సూదిపని నేర్చుకున్నాడు. నాళం అంచును మూడుచోట్ల దారంతో పట్టి లాగితే గుండ్రటి నోరు త్రికోణమవుతుంది, సూది అవతలి గోడకు గుచ్చుకోదు. ఆ పనితనానికి 1912లో నోబెల్ వచ్చింది.

అదే పెద్దమనిషి 1935లో తన పుస్తకంలో ఏం రాశాడు? హంతకుల్ని, సాయుధ దోపిడీదారుల్ని, నేరం చేసిన మానసిక రోగుల్ని గ్యాసు పెట్టి తక్కువ ఖర్చులో వదిలించుకోమన్నాడు. మరుసటి ఏడాది ఆ పుస్తకం జర్మన్ ముద్రణకు ముందుమాటలో అక్కడి నాజీ ప్రభుత్వ చర్యల్ని మెచ్చుకున్నాడు. 1941లో, నాజీలతో చేతులు కలిపిన ఫ్రాన్స్‌లోని విషీ ప్రభుత్వం ఏకంగా ఒక పరిశోధనా సంస్థనే ఆయన చేతిలో పెట్టింది.

ఆ రోజుల్లో అందరూ అంతే అంటారు కొందరు. నిజమే, మానసిక లోపం ఉందని ముద్రపడినవాళ్లకు చేసే బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు 1927లో అమెరికా సుప్రీంకోర్టే పచ్చజెండా ఊపింది. అయితే గ్యాసు దాకా అందరూ వెళ్లలేదు. కాబట్టి పనిని, అభిప్రాయాన్ని విడదీసి చూడమనే సలహా నాకు నచ్చదు. రెంటికీ మూలం ఒకటే: ఆయన్ని అడిగే దిక్కు లేకపోవడం.

కోడిపిండం గుండె కణాల కథే చూడండి. 1912లో వాటిని ల్యాబులో పెంచడం మొదలుపెట్టి, అవి చావు లేకుండా పెరుగుతూనే ఉంటాయని చాటాడు. ఇతరుల ల్యాబుల్లో కణాలు చచ్చిపోతే తప్పు తమదేననుకున్నారు, నోబెల్ గ్రహీతది అనుకోలేదు! మామూలు మానవ కణాలు కొన్ని పదుల సార్లు విడిపోయి ఆగిపోతాయని 1961లో అమెరికా శాస్త్రవేత్త హేఫ్లిక్ తేల్చేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. తమాషా ఏంటంటే, గ్యాసుకు పంపాల్సినవాళ్ల జాబితాలో ముఖ్య విషయాల్లో ప్రజల్ని తప్పుదోవ పట్టించేవాళ్లనూ కారెల్ చేర్చాడు. ఆ లెక్కన మొదటి పేరు ఎవరిదో!

లియాన్ వైద్య కళాశాలకు పెట్టిన ఆయన పేరును 1996లో తీసేశారు. మంచిదే, కానీ బోర్డు మార్చడం సులువు. వైద్యో నారాయణో హరిః అనే మనకు అసలు రోగం వేరే ఉంది. గుండె ఆపరేషన్లలో చెయ్యి తిరిగిన డాక్టరుగారు టీవీలో కూర్చుని ఏ కులానికి ఎంత తెలివో, ఎవరు పిల్లల్ని కనకూడదో చెబుతుంటే యాంకర్ తల ఊపుతాడే తప్ప, ‘ఇది మీరు ఏ పరిశోధనలో చూశారు సార్?’ అని ఒక్కమాట అడగడు.