పాత రేడియోలో ఎర్ర పాదరసం లేదు, దయచేసి పగలగొట్టకండి

వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. "ఇంట్లో పాత రేడియో, డబ్బా టీవీ ఉంటే పారేయకండి, అందులోని ఎర్ర పాదరసం కోట్లు పలుకుతుంది. పాత ఫోన్లూ దాచండి, అమెరికాలో ఒక ఐఫోన్ కోటిన్నరకు పోయింది" అని. మా చిన్నాన్న ఇది నమ్మి, తాతయ్య కొన్న వాల్వు రేడియోని (లోపల గాజు బుడ్డిల్లాంటి వాల్వులతో పనిచేసే పాత రకం) ఎవరో బ్రోకర్ మాట మీద విప్పించేశారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"ఎర్ర పాదరసం ఉంది." లేదు. రేడియోలోనే కాదు, ఎక్కడా లేదు. 2009లో సౌదీలో ఇదే పుకారు సింగర్ కుట్టుమిషన్ల మీద లేచింది. జనం పాత మిషన్లకు ఎగబడి డబ్బు పోశారు, ఎవరికీ ఏమీ దొరకలేదు. పాదరసం ఎర్రగా కనిపించేది ఇంగిలీకంలో. అది గంధకంతో కలిసిన మామూలు ఖనిజం, కోట్ల సరుకు కాదు.

"మరి వాల్వులో మెరిసేదేంటి?" చాలామంది మోసపోయేది ఇక్కడే. గాజు బుడ్డి లోపల అద్దంలా మెరిసే పూత బేరియం. బుడ్డిలో మిగిలిన కాస్త గాలినీ పీల్చేయడానికి తయారీలోనే వేస్తారు. బుడ్డి పగిలి గాలి చొరబడితే ఆ మెరుపు పాలలా తెల్లబడిపోతుంది. చిన్నాన్న నాకు చూపించినవి అవే, మూతి విరిగి తెల్లబడ్డ నాలుగు వాల్వులు. ఇక ట్రాన్సిస్టర్ రేడియోల్లో అయితే వాల్వులే ఉండవు.

టీవీ సంగతి ఇంకా ప్రమాదం. పిక్చర్ ట్యూబు లోపల శూన్యం. సుత్తి దెబ్బ పడితే పేలి గాజు ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. ప్లగ్ తీసినా లోపల వేల వోల్టుల చార్జి నిలిచి ఉండొచ్చు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఐఫోన్ మాట మాత్రం నిజం. 2023 జూలైలో వేలంలో 1,90,000 డాలర్లు దాటింది. కానీ అది సీల్ తీయని మొదటి ఐఫోన్, అదీ 4 జీబీది. 2007 జూన్ చివర్లో వచ్చిన ఆ మోడల్‌ని సెప్టెంబరులోనే ఆపేశారు. మన బీరువాలో అరిగిపోయిన నోకియా 1100 ప్రపంచంలో 20 కోట్లకు పైగా అమ్ముడైంది. దాన్ని అరుదైనది అని ఎలా అంటాం?

పాత రేడియోలను నిజంగా కొనేవాళ్లు అడిగేవి వేరు. చెక్క పెట్టె, వెనక అట్ట, నాబ్‌లు అసలువేనా? రేడియో పెట్టుకోవడానికి అప్పట్లో పోస్టాఫీసువాళ్లు ఇచ్చిన లైసెన్సు పుస్తకం ఉందా? అన్నిటికన్నా ముందు, వాల్వులు బాగున్నాయా? బ్రోకర్లు మొదట పగలగొట్టించేది వాటినే.

మా రేడియోలో ఈఎల్84 అనే వాల్వు ఒక్కటే మిగిలింది. మిగతా నాలుగింటి కోసం వెతుకుతున్నాను.