డెల్టాలో వ్యాన్‌కి ఆనింగ్ కొంటున్నారా? కాస్త నా గోల వినండి

ఈమధ్య కోనసీమలో దిండి వైపూ, అంతర్వేది తీరంలోనూ క్యాంపర్ వ్యాన్లు, అంటే లోపలే పడుకుని వండుకునే బళ్ళు, కనబడుతున్నాయి. సంతోషమే. వాటి పక్కన నీడకోసం విప్పిన గుడ్డ పందిళ్ళు, అదే ఆనింగులు, చూస్తే మాత్రం ఒళ్ళు మండుతోంది. ఎడారిలో తీసిన వీడియోలు చూసి కొన్న సరుకు గోదావరి గాలికీ వానకీ ఎలా ఆగుతుందండీ?

ముందు ఏ పక్క బిగించాలన్నది. యూరప్‌లో చాలా దేశాల్లో బళ్ళు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. అందుకని అక్కడి వ్యాన్లకి తలుపూ కుడివైపే, ఆనింగూ కుడివైపే. మన ట్రావెలర్, వింగర్ వ్యాన్లకి తలుపు ఎడమవైపు. ఫొటో చూపించి "ఇలాగే కావాలి" అంటే వర్క్‌షాపువాడు అలాగే బిగించేస్తాడు, వాడిదేం పోయింది? రేపు కాలవ గట్టు మీద ఆపి విప్పితే అది రోడ్డు మీదకి తెరుచుకుంటుంది. వెనకాల వచ్చే కొబ్బరి లారీ డ్రైవరు మీ తాతముత్తాతలందర్నీ తలుచుకుంటాడు.

గాలి కొట్టి నిలబెట్టే గది లాంటి రకం ఇక్కడికి దండగ. మే నెలలో మూడువైపులా మూసుకుని కూర్చుంటే లోపల ఇడ్లీల్లా ఉడికిపోతాం. పెట్టెలోంచి లాగితే వచ్చి, తిప్పితే చుట్టుకుపోయే మామూలు రకం చాలు. అదీ ఒక్క మనిషి, ఎవరి సాయం లేకుండా, రెండు మూడు నిమిషాల్లో చుట్టేయగలగాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకంటారా? వాన లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్ళు. 3 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు గుడ్డ మీద 20 మి.మీ. పడి అక్కడే నిలిస్తే 150 కిలోల బరువు. మన వైపు ఒక్క జడివాన చాలు దానికి. ముందు కాళ్ళలో ఒకటి జానెడు కిందకి దించి పెడితే చిన్న వాన నీళ్ళు ఆ మూలనించి జారిపోతాయి. పెద్ద వానైతే చుట్టేయడమే.

గాలి ఇంకా మొండిది. మధ్యాహ్నం ఓడలరేవులో సముద్రం మీంచి లేచిన గాలి గుడ్డ కింద దూరిందంటే పైకి ఎత్తేస్తుంది. గుడ్డని పట్టి ఉంచే ఆనింగ్ చేతులు వంగుతాయి, వ్యాన్ గోడలోంచి బోల్టులు ఊడొస్తాయి. ఆనింగ్‌కీ సముద్రానికీ మధ్య వ్యాన్ అడ్డం ఉండేలా ఆపాలి. వ్యూ పోతుందనుకుంటే కుర్చీ తీసుకెళ్ళి అవతల కూర్చోండి. రాత్రి పడుకునే ముందు చుట్టేయండి, ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా సరే. 1996 నవంబరు తుపానుకి కొబ్బరి చెట్లే వేళ్ళతో లేచిపోయిన నేల ఇది.

ఆనింగ్‌ని తాళ్ళతో నేలకి కట్టడానికి డబ్బాలో వచ్చే సన్న మేకులు ఇసుకలో నిలవవు. ఖాళీ ఎరువుల సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, మోకాలి లోతున పాతిపెట్టండి, కదలదు. "ఇదెందుకు, కొబ్బరి చెట్టుకి కట్టేస్తే పోలా, నీడ కూడానూ" అంటారు కొందరు. దింపు తీసిన, అంటే కాయలు కోసేసిన, తోటలో కూడా ఎండుమట్ట ఎప్పుడు పడుతుందో చెట్టుకే తెలీదు. కాయ పడితే గుడ్డ సంగతి సరే, మీ తల సంగతి చూసుకోండి.

గుడ్డ విషయంలో నా ఓటు పీవీసీ పూత ఉన్న పాలియెస్టర్‌కి. యాక్రిలిక్ గుడ్డకి గాలి ఆడుతుంది, నిజమే. కానీ జడివానలో చెమ్మ దిగుతుంది. లేతరంగు తీసుకోండి, ముదురు రంగు వేడి లాగుతుంది. మూడు దాటాక పడమటి ఎండ కిందనించి కాళ్ళ మీదకి వస్తుంది, ముందువైపు వేలాడదీసే పరదా కూడా అడగండి. తీరానికి వెళ్ళేవాళ్ళు బోల్టులు ఉప్పుగాలికి తొందరగా తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించుకోండి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగండి.

తడిగా చుట్టాల్సి వస్తే చుట్టండి, తప్పదు. మర్నాడు మాత్రం విప్పి ఎండబెట్టాలి. కోతల్లో తడిసిన బరకాన్ని ఏ రైతైనా ఆరబెట్టకుండా మడుస్తాడా? లక్షలు పోసి వ్యాన్ చేయించుకున్నవాళ్ళు మడుస్తారు. బూజు నల్లమచ్చలు పడ్డాక అది తెచ్చిన కంపెనీని తిడతారు.

ఇక ఆనింగ్ అంచున ఆ తెల్లటి ఎల్ఈడీ స్ట్రిప్ ఒకటి! చుట్టూ వరిచేలు. దీపం వెలిగించగానే పచ్చదోమంతా వచ్చి కూరలో పడుతుంది. పసుపు లైటు కాస్త నయం. స్ట్రిప్పే కావాలంటే అన్నాలు మాత్రం చీకటి పడకముందే కానిచ్చేయండి.