గ్లాస్కో పంచె

మా మారుతి 800 ముందు బంపరు పగలడానికి కారణం గేదె. గేదె నిలబడే ఉంది, కదిలింది మీరే అని మా ఆవిడ వాదన. ఏదైతేనేం, తుమ్మలపెంట రోడ్డు మీద అది తోక కూడా ఊపకుండా వెళ్ళిపోయింది, మాకు బంపరు మూడు ముక్కలై మిగిలింది.

కావలిలో మెకానిక్ పాత బంపరొకటి చూసి పెడతానన్నాడు. కంపెనీ 2014లోనే తయారీ ఆపేసినా ఆ కారు సామాన్లకేం కొదవ లేదు. పని అక్కడితో అయిపోయేదే, మా బావమరిది ఆ రోజు ఇంట్లో లేకపోతే.

"కొనేదేంది బావా? ఫైబర్‌తో మనమే చేసుకుందాం. ఊళ్ళో ఎవరికీ లేని బంపరు చేద్దాం" అన్నాడు. 1953లోనే అమెరికాలో షెవర్లే వాళ్ళు కార్వెట్ కారుని ఫైబర్‌గ్లాస్ బాడీతో దించారనీ, మొదటి ఏడాది 300 కార్లు చేశారనీ చెప్పాడు. అది నిజమే, తర్వాత నేనూ వెతికి చూశాను. వాడు చెప్పేవాటిలో నిజాలు ఉండటమే ప్రమాదం.

పని నేర్చుకోవడానికి జువ్వలదిన్నె వెళ్ళాం. 2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి కదా, వాటికి మాట్లు వేసేవాళ్ళు అక్కడ దొరుకుతారు. బోర్లించిన పడవ పక్కన గొంతుక్కూర్చుని ఒక మేస్త్రి చిల్లు పూడుస్తున్నాడు. తెల్లటి గాజు పీచు మ్యాట్‌ని చేత్తో చించి, చిల్లు మీద పరిచి, బ్రష్‌తో రెజిన్ అనే జిగురు ద్రవం అద్దాడు. తెల్లటి పీచు కాస్తా తడిసి గాజులా అయిపోయి, కింద పడవ రంగు కనబడింది. పైన ఇనుప రోలర్ దొర్లిస్తుంటే బుడగలు పక్కకి పరిగెత్తాయి. చూడ్డానికి పెసరట్టు పోసినంత తేలిగ్గా ఉంది.

"కత్తిరించబాకండి అయివోరా, చించండి. చించితే అంచు పల్చబడి పక్కముక్కలో కలిసిపోద్ది. అచ్చుకి ముందుగా మైనం నాలుగు పూతలు రుద్దాల, లేకపోతే రెండూ ఒకటైపోతాయి. రెజిన్‌లో ముందు కోబాల్ట్ కలిపి, బాగా తిప్పినాకే గట్టిపరిచే మందు హార్డ్‌నర్ పొయ్యాల. ఆ రెండూ తోడికోడళ్ళు. మధ్యలో అత్త లేకుండా ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే ఇల్లు తగలబడిద్ది. ఎండాకాలం కాబట్టి హార్డ్‌నర్ కిలోకి పది మిల్లీలు చాలు."

అన్నిటికీ తలూపాను. తరగతిలో మా పిల్లలు నాకు ఎలా ఊపుతారో అచ్చం అలాగే. అన్నట్టు నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది.

మొదటి రోజు, విరిగిన ముక్కల్ని కారుకే బిగించి, బంపరు కింద పెదవిలా ముందుకు రావడానికి బావమరిది థర్మాకోల్ చెక్కాడు. రెండు పూటలు పట్టింది. దాని మీద రెజిన్ పూశాం. పెనం మీద వెన్నపూసలాగా కరిగి నేలకి జారింది. ఈ రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మాకోల్‌ని తినేస్తుందట. మేస్త్రిని మేం థర్మాకోల్ గురించి అడగలేదు, ఆయన చెప్పలేదు. బంకమట్టితో మళ్ళీ చేసి, పైన ప్యాకింగ్ టేపు అతికించాం.

రెండో రోజు మధ్యాహ్నం. బయట నలభై మూడు డిగ్రీలు. వంటింట్లో మా ఆవిడ ఆవకాయ కలుపుతోంది. కారం, ఆవపిండి, ఉప్పు గిన్నెతో కొలిచి, గిన్నె అంచు వేలితో చదును చేసి మరీ పోస్తోంది. పెరట్లో నేను ప్లాస్టిక్ మగ్గులో అర కిలో రెజిన్ తీసుకున్నాను. కిలోకి పదైతే అర కిలోకి అయిదు. అంతవరకు లెక్క తప్పలేదు. దగ్గుమందు మూతతో అయిదు మిల్లీలు కొలిచి పోశాను. బ్రష్ కోసం లోపలికెళ్ళి వచ్చాను. అప్పటికి బావమరిది కూడా పోసేశాడు. వాడికి మూత లెక్క లేదు, 'ఒక గుక్కెడు' పోశాడట. ఇద్దరు కోడళ్ళూ చెరోసారి ఉప్పేసిన చేపల పులుసంటే విన్నాం గానీ, పులుసు కనీసం పొగలు కక్కదు. మగ్గు వేడెక్కింది. రెజిన్ జున్నులా గడ్డకట్టి, ఆ గడ్డ చిటచిటమని పగిలి, పొగ మొదలైంది. మగ్గు ఒక పక్కకి ఒరిగిపోయింది. బ్రష్ మాత్రం అందులో జెండా కర్రలా నిలబడింది.

"ఏంది ఆ వాసన?" అంది మా ఆవిడ లోపల్నించి.

"రసాయన చర్య" అన్నాను.

"నా మగ్గేది?"

మూడో రోజు సాయంత్రం చల్లబడ్డాక మొత్తానికి పని కుదిరింది. మైనం దొరకలేదని కొబ్బరినూనె రాశాం. మూడు పొరల మ్యాట్ వేశాం. తెల్లారేసరికి గట్టిపడింది, వేలితో కొడితే టంగుమంది. ఎర్రరంగు కొట్టాం. గాలి పోవడానికి జాలీ తర్వాత కోద్దామన్నాడు బావమరిది. సరే అన్నాను. ఆ 'తర్వాత' ఎప్పుడొచ్చిందో చెబుతాను.

ఈలోగా దురద. గాజు పీచు కంటికి కనబడదు. చొక్కా చేతుల్లో, మెడ కింద, మోచేతి మడతలో చేరి దూలగొండి ఆకు రాసినట్టు పీకుతుంది. చన్నీళ్ళు పోసుకుని, లుంగీ, చొక్కా వాషింగ్ మెషిన్‌లో పడేశాను. అందులో అప్పటికే మర్నాటి పెళ్ళికని మా మామగారి గ్లాస్కో పంచె ఉంది. మా ఆవిడ కాటన్ చీర, పిల్లల బట్టలూ ఉన్నాయి. నేను చూడలేదు. మెషిన్ అన్నిటినీ సమానంగా చూసింది.

పెళ్ళి ఒంగోల్లో. అయిదుగురం కొత్త బంపరు కారులో బయలుదేరాం. ఉలవపాడు దాటేసరికి పిల్లలు మొదలుపెట్టారు. మా ఆవిడ కొంగు సర్దుకోవడం ఎక్కువైంది. వెనక సీట్లో మామగారు పెద్దమనిషి, కాసేపు ఓర్చుకున్నారు. సింగరాయకొండ దగ్గర "అల్లుడూ, కారులో నల్లులున్నాయా?" అన్నారు. అదే సమయానికి ఇంజన్ వేడి ముల్లు చివరికంటా లేచింది. జాలీ లేని బంపరు గాలినంతా ఆపేసింది మరి.

హైవే పక్కన ఆపి రేడియేటర్‌లో నీళ్ళు పోద్దామని లోపలి పిడి లాగాను. బానెట్ లేవలేదు. వంగి చూస్తే, కారిన రెజిన్, దానితో పాటు ఒక పీచు ముక్క, బానెట్ అంచు మీదికి పాకి అతుక్కుపోయి ఉన్నాయి. పైన ఎర్రరంగు కూడా మేమే కొట్టాం.

మే నెల ఎండలో, చేతిలో నీళ్ళ బాటిల్‌తో నేను. నా వెనక వరసగా పట్టుబట్టలేసుకోనందుకు చింతిస్తూ మా కుటుంబం. మామగారు కిలోమీటరు రాయికి వీపు ఆనించి మెల్లగా పైకీ కిందికీ ఊగుతున్నారు. పక్కనుంచి పోయే ఆటోలో ఎవరో దణ్ణం పెట్టుకున్నారు, ఏ మొక్కు అనుకున్నారో. ముహూర్తం దాటిపోయింది. భోజనాలకి మాత్రం అందుకున్నాం, బస్సులో.

బండిని తోలించుకొచ్చాక జువ్వలదిన్నె మేస్త్రిని పిలిపించాను. ఆయన కారు చుట్టూ తిరిగాడు. బంపరుని వేలి కణుపుతో అక్కడా ఇక్కడా కొట్టి, చెవి పెట్టి విన్నాడు. బానెట్ అతుకు మీద వేలు రాసి చూశాడు.

"చుక్క నీళ్ళు పోవు అయివోరా. పడవైతే ఇట్టానే ఉండాల."

సంచీలోంచి గ్రైండర్ తీశాడు. ఆ చప్పుడు మొదలవకముందే మా ఆవిడ దండెం మీద బట్టలన్నీ లాగేసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. మామగారు సంచీ భుజాన వేసుకుని బస్టాండు దారి పట్టారు.