ఏ జబ్బూ లేనివారికే ఈ మాత్ర

బోదకాలు మాత్రలు పట్టుకుని ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడితే మన ఊళ్లలో ఎక్కువగా వినపడే మాట: 'మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా, ఆ చివరింటి మామ్మకు ఉంది, ఆవిడకివ్వు.' మరీ బలవంతం చేస్తే తీసుకుంటారు. 'అన్నం తిన్నాక వేసుకుంటాంలే' అని టీవీ పక్కన పెడతారు. రిజిస్టరులో టిక్కు పడుతుంది, మాత్ర అక్కడే ఉండిపోతుంది. దీన్ని జనం అజ్ఞానమని కొట్టిపారేయడం అధికారులకు అలవాటైపోయింది. మేము అలా అనుకోవడం లేదు. మందు రోగికే కదా ఇవ్వాలి, బాగున్నవాడికెందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. బోదకాలు తెచ్చే ఫైలేరియా విషయంలో ఆ లెక్క ఎందుకు తలకిందులవుతుందో ఇన్నేళ్లలో ఎవరూ వారికి సరిగ్గా చెప్పలేదు.

కాలు వాచిపోయినవారిలో చాలామంది రక్తంలో ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు కనిపించవు. దోమకు వాటిని అందించేది ఎక్కువగా ఏ వాపూ నొప్పీ లేకుండా తన పని తాను చేసుకుంటున్న మనిషే. రాత్రి 10 గంటల నుంచి 2 గంటల మధ్య అతని రక్తంలో ఆ పిల్లలు ఎక్కువగా తిరుగుతుంటాయి. మురుగు నీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. లక్షలాది పరాయి జీవులు ఒంట్లో తిరుగుతుంటే శరీరం ఎందుకు ఊరుకుంటోంది? జవాబు పరాయి జీవులను గుర్తుపట్టే మన రక్షక ప్రొటీన్లలో, అంటే యాంటీబాడీల్లోనే ఉంది.

వైరస్, బ్యాక్టీరియా అయితే చిన్నవి, రక్షక కణాలు వాటిని మింగేయగలవు. ఫైలేరియా ఆడపురుగు దారంలా సన్నగా ఉన్నా పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు. దాన్ని మింగే కణం లేదు. అందుకే పురుగుల కోసం శరీరం ఇంకో ఏర్పాటు చేసుకుంది. ఐజీఈ అనే యాంటీబాడీ పురుగును గుర్తుపడుతుంది, దాని పిలుపు మీద ఇస్నోఫిల్ అనే తెల్లరక్త కణాలు వచ్చి పడతాయి. దుమ్ము పడక తుమ్మినా, రొయ్యలు తిని దద్దుర్లు వచ్చినా దాని వెనక ఉన్నదీ ఈ ఐజీఈనే. దాన్ని శాస్త్రవేత్తలు గుర్తించింది 1960ల చివర్లో మాత్రమే. మూత్రంలో రక్తం పడేలా చేసే షిస్టోసోమా పురుగుపై గాంబియాలో చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. ఐజీఈ ఎక్కువున్నవారికి ఆ పురుగు మళ్లీ సోకడం తక్కువ. ఐజీజీ-4 అనే మరో యాంటీబాడీ ఎక్కువున్నవారికి మాత్రం తేలిగ్గా సోకింది.

అసలు కథ ఈ ఐజీజీ-4దే. మామూలు మనిషిలో ఐజీజీ రకం యాంటీబాడీల మొత్తంలో దీని వాటా ఐదు శాతంలోపే. పురుగు ఏళ్ల తరబడి తిష్ఠ వేసినవారిలో, ముఖ్యంగా పైకి ఏ లక్షణమూ లేనివారిలో, ఇది విపరీతంగా పెరుగుతుంది. ఐజీఈ పట్టుకోవలసిన చోటును ముందుగా తానే ఆక్రమిస్తుంది, కానీ దాడికి పిలుపు మాత్రం ఇవ్వదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగకు కాపలా కాసేది ఇంటివాళ్లే. శరీరం తెలివితక్కువగా ఇలా చేస్తోందనుకోనక్కర్లేదు. ఆరేడేళ్లు బతికే జీవితో రోజూ పూర్తి యుద్ధం చేస్తే ముందు నాశనమయ్యేది మన కణజాలమే. వాపు వచ్చినవారిలో ఐజీజీ-4 తక్కువగా, ఇతర రకాలు ఎక్కువగా కనిపించడం అందుకు ఒక ఆధారం. వాపుకు అదొక్కటే కారణం కాదనుకోండి. దెబ్బతిన్న లింఫు నాళాలు (ఒంట్లోని ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలు), కాలి పగుళ్లలోంచి చేరే బ్యాక్టీరియా కూడా తోడవుతాయి.

ఈ పురుగుతో సంధి కుదరని శరీరాలూ కొన్ని ఉంటాయి. రాత్రిళ్లు ఆగని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఐజీఈ, ఇస్నోఫిల్స్ ఆకాశాన్నంటడం. మనవాళ్లు జలుబు చేసి నాలుగు తుమ్ములు వచ్చినా 'ఇస్నోఫీలియా' అనేస్తారు గానీ, ఊపిరితిత్తులను నిజంగా పాడుచేసే ఈ రకం వేరు. ఆస్తమా అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లతో నెట్టుకొచ్చేవారిలో కొందరికి కావలసింది మూడు వారాల డీఈసీ మందు, ఊళ్లో పంచే మాత్రల్లో ఉండేదీ అదే.

ఆ డీఈసీ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనల్లోంచే 1947లో ఇది హెట్రజాన్ పేరుతో బయటికొచ్చింది. గోదావరి సీమ దశాబ్దాల తరబడి ఫైలేరియాతో బాధపడింది. ఆ సీమ బిడ్డ చలవతో వచ్చిన మందును అదే సీమలో టీవీ పక్కన పెట్టేస్తున్నామంటే బాధ కలగక మానదు.

మాత్ర మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. రక్తంలోని పురుగు పిల్లలు ఒక్కసారిగా చచ్చి, వాటి ముక్కలపై శరీరం విరుచుకుపడటమే ఇందుకు కారణం. అంటే జ్వరం వచ్చినవాడి ఒంట్లో పురుగు ఉండే అవకాశమే ఎక్కువ. ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పకపోవడం వల్ల 'మాత్ర వికటించింది' అన్న పుకారు మర్నాటికి వాట్సాప్‌లో ఊరంతా పాకుతుంది. ఏ లక్షణమూ లేని మనిషికి కూడా లోపల లింఫు నాళాలు ఉబ్బి దెబ్బతింటుంటాయన్నదీ చెప్పాలి. మాత్ర ఊరి కోసమే కాదు, తన కాలి కోసం కూడా అని తెలిస్తే వద్దనేవారు తగ్గుతారు.

టీకా వస్తుందిలే అని కూర్చునే వీలూ లేదు. కొంకిపురుగు టీకాను బ్రెజిల్‌లో పరీక్షిస్తే, అంతకుముందే ఆ పురుగు సోకి ఐజీఈ తయారై ఉన్న కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. ప్రయోగం ఆపేయాల్సి వచ్చింది.

దేశంలో ఫైలేరియా నిర్మూలనకు మొదట పెట్టుకున్న గడువు 2015. అది 2017 అయింది, ఇప్పుడు 2027 అంటున్నారు. గడువు జరపడం తేలిక. జనాభాలో కనీసం 65 శాతం మంది నిజంగా మాత్ర మింగేలా చూడటమే కష్టం. జబ్బు తగ్గిందని మాత్రల పంపిణీ ఆపేసిన జిల్లాల్లో కూడా పని అయిపోయిందనుకోవడానికి లేదు. వేలి కొస నుంచి తీసిన రక్తపు బొట్టుతో చిన్నపిల్లల్లో యాంటీబాడీలను చూస్తే, దోమలు మళ్లీ పురుగును మోస్తున్నాయేమో త్వరగా పసిగట్టవచ్చు. ఇతర పురుగులు సోకినా కొన్ని పరీక్షల్లో పాజిటివ్ రావచ్చు కాబట్టి, ఒక్క పిల్లవాడి ఫలితం చూసి రోగమని ముద్ర వేయకూడదు. ఒకే వాడలో నలుగురైదుగురికి వస్తే మాత్రం ఆ వాడ మురుగు కాల్వ దగ్గరికి మున్సిపాలిటీ సిబ్బంది వెళ్లి తీరాలి. పంపిణీ ఆగిన చోట బడి పిల్లల్లో ఈ నిఘాను రెండు తెలుగు ప్రభుత్వాలూ ఏటా చేయించాలి. పంపిణీ సాగుతున్న చోట, ఎన్ని మాత్రలు పంచామన్న లెక్కతో సరిపెట్టకుండా, సిబ్బంది కళ్లెదుట ఎంతమంది మింగారో మండలాలవారీగా వచ్చే విడతకు ముందే జనం ముందు పెట్టాలి.