కనురెప్పలు వచ్చాయి, కుర్చీ పోయింది

పోయిన నెల పనిమీద ఒక పెద్ద ఆఫీసుకు వెళ్లాను. పేరు చెప్పను. ఇలాంటిది మీరూ చూసే ఉంటారు. గాజు తలుపులు, ప్లాస్టిక్ మొక్కలు, పళ్లు కొరుక్కునేంత ఏసీ. రిసెప్షన్‌లో రోజూ కూర్చుని ఉండే అమ్మాయి ఈసారి నిలబడి ఉంది. ఆమె కుర్చీ ఉండాల్సిన చోట ఒక రోబో వెలిసింది. నడుము దాకా మనిషి, కిందంతా బోర్లించిన బిందె. తెల్లగా, నున్నగా, ఒక్క ముడత లేకుండా ఉంది. నన్ను చూసి తల కొంచెం పక్కకు వంచి కనురెప్పలు వేసింది. ఎడమ రెప్ప ముందు పడింది, కుడిది కాసేపయ్యాక దాని వెనకాలే వచ్చింది.

“స్వాగతం. మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?”

“అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లాలి,” అన్నాను.

“చాలా మంచి ప్రశ్న,” అంది.

నేనడిగింది అసలు ప్రశ్నే కాదు. అయినా నన్ను మెచ్చుకునేవాళ్లు తక్కువ కాబట్టి ఊరుకున్నాను.

“మీ ముఖం సరిగా కనిపించడం లేదు. దయచేసి దగ్గరకు రండి.” వెళ్లాను. “దయచేసి కొంచెం వెనక్కి జరగండి.” జరిగాను. “దయచేసి దగ్గరకు రండి.” అప్పటికే నా వెనక ఐదుగురు చేరారు. నేను ముందుకెళ్తే వాళ్లూ ముందుకు, నేను వెనక్కొస్తే వాళ్లూ వెనక్కు. దూరం నుంచి చూసినవాళ్లు ఏదో డ్రిల్లు జరుగుతోందనుకుని ఉంటారు.

“కళ్లజోడు తీయండి సార్,” అంది నిలబడ్డ అమ్మాయి, నెమ్మదిగా. తీశాను. “నవ్వకండి సార్, నవ్వితే గుర్తుపట్టదు.”

“నేను నవ్వట్లేదమ్మా.”

“అయితే కొంచెం నవ్వండి.”

నవ్వాను. కళ్లజోడు లేకుండా, ఎదురుగా ఏముందో సరిగా కనిపించకుండా, ఒక బిందెను చూసి నవ్వాను. “పళ్లు కనిపించాలా, అక్కర్లేదా?” అని వెనకాయన అడిగాడు, తన వంతుకు సిద్ధమవుతూ.

రోబో ఆలోచనలో పడింది. ఆలోచిస్తున్నానని మనకు తెలియడానికి గడ్డం కింద చెయ్యి పెట్టుకోబోయింది. చెయ్యి గడ్డం దాకా రాలేదు, మెడ దగ్గర ఆగిపోయింది. తన గొంతు తానే పిసుక్కుంటున్నట్టు అలా ఉండిపోయింది. అప్పుడా అమ్మాయి కౌంటర్ చాటుకు వంగి, ట్యాబ్‌లో గబగబా ఏదో టైప్ చేసింది. రోబో చెయ్యి దించింది.

“మూడో అంతస్తు, ఎడమవైపు రెండో గది. మీ రోజు ఆనందంగా గడవాలి.”

“ఇదంతా టైప్ చేసే బదులు మీరే చెప్పొచ్చు కదమ్మా?” అన్నాను.

“నేను చెప్పకూడదు సార్. విజిటర్స్‌తో అదే మాట్లాడాలి. నేను సపోర్ట్.”

ఆ మాట వినగానే నాకు కోపం రాలేదు, భక్తి కలిగింది. ఇదేమీ నిన్నమొన్న పుట్టిన విద్య కాదు మరి. 1770లో వోల్ఫ్‌గాంగ్ ఫన్ కెంపెలెన్ అనే ఆయన ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా కొలువులో చదరంగం ఆడే యంత్రాన్ని ప్రదర్శించాడు. తలపాగా కట్టిన బొమ్మ, దాని ముందు పెద్ద పెట్టె, పెట్టె తలుపులు తీస్తే పళ్లచక్రాలు. 1809లో నెపోలియన్ అంతటివాడు దానితో ఆడి ఓడిపోయాడు. చక్రాల వెనక, కొవ్వొత్తి వెలుగులో, కాళ్లు ముడుచుకుని ఒక మనిషి కూర్చుని ఉండేవాడు. లోకం బొమ్మను పొగిడింది. లోపలివాడు పొగ పీల్చాడు.

అక్కడి నుంచి సైన్సు ఎంత ముందుకు పోయిందో చూడండి. 2021 ఆగస్టులో టెస్లా కంపెనీ మనిషిలాంటి రోబోను తయారుచేస్తామని ప్రకటించి, వేదిక మీదికి రోబో వేషం వేసిన మనిషిని పంపింది. అతను డాన్స్ చేశాడు. ఈ మొత్తం చరిత్రలో మనిషిని దాచకుండా చూపించింది అదొక్కటే కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను. 2024 అక్టోబరులో అదే కంపెనీ వేడుకలో నిజం రోబోలు అతిథులకు పానీయాలు పోసి కబుర్లు చెప్పాయి. కబుర్లు ఇంత సహజంగా ఉన్నాయేమిటని జనం ఆశ్చర్యపోయారు. దూరం నుంచి వాటిని మనుషులే నడిపిస్తున్నారని తర్వాత తెలిసింది. 2025లో వన్ఎక్స్ అనే కంపెనీ ఇంటిపనులు చేసే రోబోను 20,000 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దానికి రాని పని ఎదురైతే కంపెనీ ఉద్యోగి ఒకరు హెడ్‌సెట్ తగిలించుకుని, రోబో కళ్లతో మీ ఇల్లు చూస్తూ ఆ పని పూర్తిచేస్తారు. పనిమనిషి ఇంట్లో తిరుగుతుంటే ఇబ్బందిగా ఉందని రోబోను కొనుక్కున్న పెద్దమనిషి ఇల్లంతా ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఇంకో మనిషి కళ్లలో ఉంటుందన్నమాట. పెట్టె మాత్రం బాగా పెద్దదైంది. ఒప్పుకోవాలి.

మనుషుల పక్కన పనిచేసే రోబో అంటారు దీన్ని. ఎక్కడ చూసినా దాని పక్కన మనుషులే పనిచేస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో 21 రోబోలను హాఫ్ మారథాన్‌లో పరిగెత్తించారు. అన్నిటికంటే ముందు వచ్చినది 2 గంటల 40 నిమిషాలు తీసుకుంది, దారిలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు. దాని పక్కనే పరిగెత్తిన సిబ్బందికి ఎన్ని బ్యాటరీలు మార్చారో ఎవరూ రాయలేదు. జపాన్‌లో 2015లో రోబోలతో నడిపే హోటల్ ఒకటి తెరిచారు. గదిలో ఉండే బొమ్మ రోబో గురకను తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని, మీరన్నది అర్థం కాలేదంటూ నిద్రపోతున్నవాళ్లను లేపేది. రోబోల వల్ల మనుషులకు పని పెరిగిపోవడంతో, 2019 నాటికి ఉన్న 243 రోబోల్లో సగానికి పైగా ఇంటికి పంపేశారు. పనిలోంచి తీసేస్తే రోబోలు ధర్నా చేయవు, అదొక్కటే సుఖం.

ఇంతకీ మనిషి ఆకారమే ఎందుకయ్యా అంటే, తయారుచేసేవాళ్ల దగ్గర జవాబు రెడీగా ఉంటుంది. లోకంలో తలుపులూ మెట్లూ పిడులూ అన్నీ మనిషి ఒంటికి సరిపోయేలా కట్టారు, కాబట్టి రోబోకూ ఆ ఒళ్లే కావాలట. బట్టలుతికే యంత్రం కనిపెట్టినవాళ్లకు ఈ తెలివి లేకపోయింది పాపం. ఉంటే దానికి రెండు చేతులూ ఒక తలా పెట్టి, మధ్యమధ్యలో నడుం పట్టుకుని ఉస్సురనే ఫీచరు కూడా ఇచ్చేవారు. లిఫ్ట్ మనల్ని వీపున ఎక్కించుకుని మెట్లెక్కేది.

మెట్లంటే గుర్తొచ్చింది. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నది నాలుగడుగుల వాలుదారి. ఇటుకలు, సిమెంటు, ఒక మేస్త్రి, రెండు రోజుల పని. దానికి బడ్జెట్ ఉండదు. అదే భవనంలో మెట్లెక్కడం రోబోకు నేర్పడానికి మాత్రం కోట్లు ఉంటాయి. ఈ లోకం మనుషుల కోసం కట్టింది అని చెప్పేటప్పుడు వాళ్ల లెక్కలో మనుషులెవరో కూడా చెబితే బాగుండేది.

పోనీ, మనిషి పోలిక పెరిగితే జనం ఇష్టపడతారా? 1970లోనే జపాన్ ఇంజినీరు మసాహిరో మోరి దీని గురించి వ్యాసం రాశాడు. మనిషి పోలిక పెరిగేకొద్దీ రోబో మీద ఇష్టం పెరుగుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే చోటికి రాగానే ఆ ఇష్టం దబ్బున లోయలో పడి ఒళ్లు జలదరిస్తుంది అన్నాడు. అచ్చం చెయ్యిలాగే ఉన్న కృత్రిమ చేతితో చెయ్యి కలిపి చూడండి, చల్లగా మెత్తగా తగిలితే ఎలా ఉంటుందో తెలుస్తుంది అన్నాడు. అందుకే పూర్తిగా మనిషిలా చేయాలని చూడకండి, ముందే ఆగిపోండి అని సలహా కూడా ఇచ్చాడు. ఆ వ్యాసం గురించి మాట్లాడని రోబో డిజైనరు ఉండడు. అందరూ లోయను వివరంగా వర్ణించి, తర్వాత అందులోకే దూకుతారు.

భద్రత సంగతి చూద్దాం. ఈ విషయంలో మాత్రం నేను వెక్కిరించను, బుద్ధిగా పనిచేసినవాళ్లున్నారు. ఫ్యాక్టరీలో మనిషి పక్కన పనిచేసే రోబోల కోసం 2016లో అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే ఐఎస్ఓ సంస్థ ఒక పత్రం తెచ్చింది. మనిషి ఒంటి మీద 29 చోట్లు గుర్తించి, ఎక్కడ ఎంత ఒత్తిడి దాకా తగలొచ్చో అంకెలు వేసింది. మేనేజర్లకు ఇలాంటి పట్టిక ఇంకా రాలేదు. అయితే నేలకు బిగించిన రోబో చెయ్యి ఎర్ర బటన్ నొక్కితే ఆగిపోతుంది. రెండు కాళ్ల మీద నిలబడినదానికి కరెంటు ఆపితే నిలబడే శక్తి కూడా పోతుంది, పక్కనున్నవాడి మీద పడుతుంది. రోబోల మధ్యే జీవితం గడిపిన రాడ్నీ బ్రూక్స్, నిలువెత్తు నడిచే రోబోకు 3 మీటర్ల కంటే దగ్గరకు వెళ్లొద్దని సలహా ఇచ్చాడు. భుజం భుజం కలిపి పనిచేయాల్సిన సహోద్యోగికి 3 మీటర్ల దూరంలో ఉండాలి. మా ఆఫీసులో కొందరి విషయంలో ఈ నియమం ఎప్పటినుంచో పాటిస్తున్నాను.

అదే బ్రూక్స్ కంపెనీ 2012లో బాక్స్‌టర్ అనే రోబోను తెచ్చింది. దానికి ముఖం ఉంది, తెర మీద గీసిన రెండు కళ్లు. చెయ్యి ఎటు కదపబోతోందో కళ్లు ముందుగా అటు తిరిగేవి. పక్కనున్న కార్మికుడు అది చూసి తప్పుకునేవాడు. ముఖం దేనికో తెలిసినవాళ్లు చేసిన ముఖం అది. 2018లో ఆ కంపెనీ మూతపడింది.

మనవాటికి కళ్లున్నది అందుకు కాదు కదా. విధేయంగా రెప్పలార్చడానికి.

నా పని ముగించుకుని కిందికి దిగేసరికి మేనేజర్ వచ్చి ఉన్నాడు. రోబో చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, “ఆవిడకు ఛార్జింగ్ పెట్టారా? ఉదయం నుంచి అలసిపోయి ఉంటారు,” అని నవ్వాడు. పక్కవాళ్లూ నవ్వారు. జోకే కావచ్చు. ఇంతలో ఫోన్ మోగింది. “ఆఁ, రిసెప్షన్‌లో ఒకతి ఉంటుంది, దానికివ్వు, అది చూసుకుంటుంది,” అన్నాడు, ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి.

తెలుగులో యంత్రాన్నీ ఆడమనిషినీ ఒకే ‘అది’తో పిలవొచ్చు. ఆ సౌకర్యాన్ని వాడుకునేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కానీ ప్లాస్టిక్‌కు ‘ఆవిడ’, ప్రాణమున్న మనిషికి ‘అది’ పెట్టడం మాత్రం ఆ రోజే విన్నాను. అలసిపోతుందట! అలసిపోయే మనిషి కళ్లెదుటే నిలబడి ఉంది కదయ్యా. కాలు మార్చి కాలు మీద బరువు వేస్తోంది, చెప్పులోంచి మడమ తీసి చల్లటి నేలకు ఆనించుకుంటోంది. కనురెప్ప ఎంత వేగంగా పడితే మర్యాదగా ఉంటుందో లెక్కగట్టడానికి మనుషులున్నారు, డబ్బుంది, ల్యాబులున్నాయి. ఛార్జర్‌కు చోటు కోసం ఆమె కుర్చీని ఎత్తి అవతల పారేసేటప్పుడు, ఈమె ఎక్కడ కూర్చుంటుంది అని అడగడానికి మాత్రం ఒక్కడికి నోరు రాలేదు. తలకు కెమెరా కట్టుకుని గంటల తరబడి తువ్వాళ్లు మడిచేవాళ్లున్నారు ఇప్పుడు. ఆ చేతుల కదలికలే రోబోలకు పాఠాలు. రేపు వేదిక మీద రోబో తువ్వాలు మడిస్తే చప్పట్లు కొట్టేవాళ్లలో ఒక్కరైనా ఆ చేతులెవరివని అడుగుతారా? పనిమనిషి కళ్లలోకి చూడటం కష్టంగా ఉన్నవాళ్లకు, చూడాల్సిన అవసరం లేని కళ్లు తయారుచేసి ఇస్తున్నారు. వ్యాపారమంతా అదే. రోబో అన్న మాటను లోకానికిచ్చింది 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం. వాళ్ల భాషలో ‘రోబోటా’ అంటే వెట్టి. పేరు పెట్టినవాళ్లు ఏమీ దాచలేదు, సిగ్గుపడి దాస్తున్నది మనమే.

కోపంలో గొంతు పెరిగినట్టుంది. మేనేజర్ అప్పటికే వెళ్లిపోయాడు, ఇదంతా నేను మనసులో అన్నదే అయినా.

రోబో కళ్లు మూసుకుని ఉంది. దాని ఛాతీ మీది తెరలో ‘విశ్రాంతి తీసుకుంటున్నాను’ అని వచ్చింది. పక్కన ఆ అమ్మాయి కౌంటర్‌కు చేరబడి నిలబడింది. నన్ను చూసి సర్దుకుని ట్యాబ్ ముందుకు జరిపింది.

“సార్, ఫీడ్‌బ్యాక్ ఇచ్చి వెళ్తారా?”

మా రోబో సేవ మీకెలా అనిపించింది? ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు. నేను ఒకటి మీద వేలు పెట్టబోయాను.

“ఐదు ఇవ్వండి సార్, ప్లీజ్. తగ్గితే నన్నడుగుతారు.”

ఐదు ఇచ్చాను.