జీతం లేని వాచ్‌మన్

సంబంధం కలుపుకునేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు పెద్దలు. ఖరీదైన వాచీ కొనేటప్పుడు అంత శ్రమ అక్కర్లేదు. ఒక్కణ్ణి చూస్తే చాలు. రేపు మన దగ్గర దాన్ని కొనబోయేవాణ్ణి. చేతికి నప్పిందా, ముళ్ళు చీకట్లో కనిపిస్తాయా, టైము సరిగ్గా చూపిస్తుందా లాంటి ప్రశ్నలు మూడువేల రూపాయల వాచీ కొనేవాళ్ళవి. పదిలక్షలు పెట్టేవాడు అడగాల్సింది ఒకటే: అమ్మితే ఎంతొస్తుంది?

ఇంకా కొననే లేదు, అప్పుడే అమ్మకమేమిటని కొందరు అమాయకులు అడుగుతారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరిస్తారు కూడా. సోమలింగం అన్న పేరుకు మార్కెట్లో డిమాండుందో లేదో ముందే కనుక్కోవడం బాధ్యతగల తండ్రి లక్షణమని వాళ్ళకు తెలియదు.

మన ఇళ్ళలో పెత్తనం భర్తదా భార్యదా అని ఊరికే వాదించుకుంటాం. పెత్తనం రేపు కొనేవాడిది. మా అపార్ట్‌మెంటులో నూట ఇరవై ఫ్లాట్లుంటే, వాస్తు నమ్మనివాళ్ళు తక్కువలో తక్కువ అరవై మంది. అరవై మందీ తూర్పు గుమ్మమే కొన్నారు. "మాకు అలాంటి పట్టింపుల్లేవండీ, రేపు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు అడుగుతారు కదా!" ఆ కొనేవాడికీ పట్టింపు ఉండదు. వాడూ తన తర్వాతివాడి కోసమే కొంటాడు. ఈ వరసకు చిట్టచివర ఎక్కడో, నిజంగా వాస్తు నమ్మే మనిషి ఒక్కడు కూర్చుని ఉంటాడు. అతని మాట తీసెయ్యలేక సగం హైదరాబాదును తూర్పుకు తిప్పి కట్టుకున్నాం. కారూ అంతే. ఆకుపచ్చ కారు మీద మనసు పడ్డవాణ్ణి ఇంటిల్లిపాదీ కూర్చోబెట్టి మందలించి తెల్లది కొనిపిస్తారు.

ఇంతకాలం ఇంటికీ కారుకీ పరిమితమైన ఈ మహానుభావుడు ఇప్పుడు మణికట్టు దాకా వచ్చాడు. ఆయన్ను మా ఇంటికి పిలుచుకొచ్చింది మా బావమరిది.

సాఫ్ట్‌వేరు ఉద్యోగి. నలభయ్యో పుట్టినరోజుకి తనకు తనే ఒక స్విస్ వాచీ కొనిపెట్టుకోవాలనుకుని, నన్ను తోడు తీసుకెళ్ళాడు. (తలనెరిసినవాడు పక్కనుంటే ధర తగ్గిస్తారని ఆశ. నాకు మంచినీళ్ళిచ్చారు, అంతే.) అక్కడ మీగడ రంగు డయలు, తోలు పట్టీ ఉన్న ఒక చిన్న వాచీ దగ్గర ఆగిపోయాడు. చేతికి పెట్టుకుని, చెయ్యి చాచి, మడిచి, అద్దంలో చూసుకుని, "ఇది నాకోసమే చేసినట్టుంది బావా" అన్నాడు. గొంతులో జీర కూడా వచ్చింది. తర్వాత ఫోను తీసి ఏదో వెతికాడు. మొహం వాడిపోయింది. "సెకండ్‌హ్యాండ్‌లో ధర సగానికి సగం పడిపోతోంది" అని, జాతకం కుదరని పిల్ల ఫొటో కవర్లో పెట్టేసినట్టు దాన్ని ట్రేలో పెట్టేశాడు.

నల్ల డయలు, ఉక్కు గొలుసు ఉన్న ఫలానా మోడలు చూపించమన్నాడు. లేదన్నారు. ఎప్పుడొస్తుందంటే నవ్వారు. మీ పేరు రాసుకుంటామన్నారు. ఈలోగా మా దగ్గర ఇంకేవైనా కొంటూ ఉంటే మరి... అని వాక్యం సగంలో ఆపేశారు. మర్యాదస్తులు ఇలాంటి వాక్యాలు పూర్తి చెయ్యరు.

మా ఈడువాళ్ళకు ఇదేం కొత్త కాదు. బజాజ్ చేతక్‌కు డబ్బు కట్టి ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన రోజుల్లో, షోరూములో దొరకని కొత్త బండికన్నా రోడ్డు మీద తిరుగుతున్న పాత బండికే ఎక్కువ ధర పలికేది. లైసెన్సు రాజ్యమని తిట్టుకున్నాం. ఇప్పుడదే జెనీవా నుంచి వస్తోంది కాబట్టి ఎక్స్‌క్లూజివ్ అని మురిసిపోతున్నాం.

అప్పుడు 2022 తొలి నెలలు. లోకమంతా అదే జ్వరం. పటెక్ ఫిలిప్ అనే స్విస్ వాచీల కంపెనీ వాళ్ళు నాటిలస్ 5711 అనే ఉక్కు వాచీని 2021లో ఆపేస్తున్నామన్నారు. ఆ మాటకే పాతవాటి ధర షాపు ధరకు ఎన్నో రెట్లయింది. అదే ఏడాది డిసెంబరులో, టిఫనీ అనే నగల దుకాణం కోసం నీలిరంగు డయలుతో చేసిన 170 వాచీల్లో ఒకటి న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లకు పోయింది. షాపు ధర 50 వేల డాలర్ల పైచిలుకు. బంగారం కూడా కాదు, ఉక్కు. ఈ వార్త మా అమ్మకు చెబితే, "స్టీలుకి అంత డబ్బేమిట్రా, సామాన్లవాడొస్తే పాతబట్టలకిస్తాడు కదా" అంది.

మా బావమరిది ఆగలేకపోయాడు. షాపులో దొరకని ఆ నల్ల డయలు వాచీని బయట ఎవరి దగ్గరో షాపు ధరకు దాదాపు రెట్టింపు పెట్టి కొన్నాడు. చేతికి పెట్టుకుని చూపించాడు. ఎలా ఉందన్నాను. "పళ్ళెంలా ఉంది, నాకంత నచ్చలేదు. కానీ ఇది మార్కెట్టుకు నచ్చింది బావా" అన్నాడు. తనకు నచ్చని పిల్లను ఊరివాళ్ళకు నచ్చిందని చేసుకున్నవాడి త్యాగం ఆ గొంతులో వినిపించింది. ఆ వేసవి దాటక ముందే ధరలు జారడం మొదలైంది. క్రిప్టో కూలింది, వడ్డీలు పెరిగాయి. చిట్టచివరి మెట్టు మీద జెండా పాతినవాళ్ళలో మావాడూ ఒకడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది ధాన్యం గురించి అనుకునేవాణ్ణి.

సరే, కొన్నాడు. కొన్న వాచీని కాపాడుకోవడమనేది వేరే శాస్త్రం. గీత పడితే వాల్యూ తగ్గుతుంది. గీత పోవాలని పాలిష్ పట్టిస్తే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే పాలిష్ పట్టనిదే కావాలంటారు కొనేవాళ్ళు. కాబట్టి గీత పడకుండా చూసుకోవడమే మార్గం. గీత పడకూడదంటే పెట్టుకోకూడదు. నీళ్ళలో 300 మీటర్ల లోతు దాకా తట్టుకుంటుందని ఆ వాచీ మీద రాసి ఉంది; దాన్ని పెట్టుకుని మా బావమరిది వాష్‌బేసిన్ దగ్గరికి కూడా వెళ్ళడు. ఒకే ఒక్కసారి మేనకోడలి పెళ్ళికి పెట్టుకొచ్చాడు. వియ్యంకుడు ఆప్యాయంగా కౌగిలించుకోబోతే, ఎడమచెయ్యి పైకెత్తి కుడిచేత్తో కౌగిలించుకున్నాడు. అటువైపువాళ్ళు ఇప్పటికీ అతనికి భుజం నొప్పనుకుంటున్నారు.

ఆ తర్వాత అది లాకరుకు చేరింది. కొన్నాళ్ళకు, వాడకుండా ఉంచితే లోపల నూనె గడ్డకడుతుందని ఎవరో భయపెడితే, ఇంటికి తెచ్చి వాచ్ వైండర్ అనే యంత్రం కొన్నాడు. అది, చెయ్యి కదిలితే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీని, చేతికి పెట్టుకోకపోయినా పెట్టుకున్నట్టు నమ్మించి మెల్లగా తిప్పుతుంటుంది. ఉయ్యాల అన్నమాట. ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు ఒక్కసారి కూడా ఉయ్యాల ఊపని మనిషి, రాత్రి లేచి అది తిరుగుతోందో లేదో చూసి పడుకుంటున్నాడని మా ఆవిడ చెప్పింది.

మరి టైము? దానికి కాసియో ఉంది. 1989 నుంచి తయారవుతున్న ఎఫ్-91డబ్ల్యూ, నల్ల ప్లాస్టిక్‌ది. నెలకు 30 సెకన్ల తేడా రావచ్చని కంపెనీయే చెబుతుంది. రోలెక్స్ వాళ్ళు రోజుకు 2 సెకన్లకు మించి తేడా ఉండదని హామీ ఇస్తారు. నెల లెక్క మీరే కట్టుకోండి. అయితే కాసియోకు రీసేల్ లేదు. అందుకే పాపం అది పని చేస్తుంది.

పటెక్ ఫిలిప్ వాళ్ళు 1996 నుంచీ ఒకే రకం ప్రకటన వేస్తున్నారు. సారాంశం ఏమిటంటే, ఈ వాచీ మీది కాదు, వచ్చే తరం కోసం మీరు చూసుకుంటున్నారంతే. ఇంగ్లీషులో చదివితే కళ్ళు చెమరుస్తాయి. తెలుగులో ఆ ఉద్యోగాన్ని వాచ్‌మన్ అంటాం. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు నెల జీతం, మెట్లకింద గది, దసరాకు మామూలు ఇస్తాం. మా బావమరిది లక్షలు ఎదురిచ్చి అదే కొలువులో చేరాడు.

ఇక పన్నుల సంగతి. బంగారం కొట్లో తరుగు దగ్గర గంటసేపు పోట్లాడే జాతి మనది. వాచీ మీద 18 శాతం జీఎస్టీ, దానికి ముందు దిగుమతి సుంకం కట్టి, అమ్మేటప్పుడు అందులో పైసా వెనక్కి రాదని తెలిసీ నోరెత్తం. ఆ సుంకమే ఇప్పుడు తగ్గుతోంది. స్విట్జర్లాండు, మరో మూడు దేశాలతో మనం చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద సుంకం ఏడేళ్ళలో దశలవారీగా పోతుంది. ఆ వార్త చదివిన రోజు మా బావమరిది అన్నం తినలేదు. కొత్తవి చౌకైతే పాతది ఎవడు కొంటాడు? పన్ను తగ్గించారని బాధపడ్డ భారతీయుణ్ణి నేను అతన్నొక్కణ్ణే చూశాను.

పోయిన నెల ధైర్యం చేసి అమ్మకానికి తీసుకెళ్ళాడు. మళ్ళీ నేనే తోడు. మూడేళ్ళకు పైగా ఎవరికోసం నల్ల డయలు భరించాడో, ఎవరికోసం చేతులు కడుక్కోవడం మానేశాడో, ఆ రేపు కొనేవాడు ఎట్టకేలకు బల్లకు అవతల ప్రత్యక్షమయ్యాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. వాచీ చేతికి పెట్టుకోలేదు. టైమెంతో చూడలేదు. "పెట్టె ఉందా?" అన్నాడు.

పెట్టె ఉంది. కాకపోతే లోపలి మెత్త తీసేసి మా బావమరిది భార్య అందులో గాజులు పెట్టుకుంది. కార్డు ఉంది, ట్యాగు ఉంది, బిల్లు ఉంది. పెట్టె లేకపోతే ధర తగ్గుతుందన్నాడు అతను. పైగా, వాచీ లేకుండా ఉత్త పెట్టె తెచ్చినా కొంటానన్నాడు. చెప్పిన ధర విని మా బావమరిది నీళ్ళడిగాడు. ఆ కుర్రాడికి జాలేసినట్టుంది, ఓదార్పుగా అన్నాడు: "నిజం చెప్పాలంటే నాకూ ఈ మోడల్ అంతగా నచ్చదు సార్. కానీ ఇది కదుల్తుంది. నేను తీసుకుని వేరేవాళ్ళకు ఇచ్చేస్తా."

అమ్మకుండానే తిరిగొచ్చాం. మా ఇంటి దగ్గర కాఫీకి ఆగాడు. మనసు మళ్ళిద్దామని మా నాన్న వాచీ తీసి చూపించాను. హెచ్ఎంటీ జనతా. నాన్న పెళ్ళి 1969లో అయింది. అలకపాన్పు మీద కూర్చుని వాచీ అడిగితే తాతయ్య ఇచ్చింది ఇదే. ఆ రోజుల్లో అల్లుడికిచ్చే వాచీ, సైకిలు, రేడియో మూడింటికీ ఎంతో కొంత రీసేల్ ఉండేదని, తిరిగి అమ్ముకోడానికి వీల్లేనిది అల్లుడొక్కడేనని తాతయ్య అనేవాడు, నాన్న పక్కన లేనప్పుడు. నాన్న దాన్ని తీసి దాచిన రోజు లేదు. పొద్దున్నే రేడియోలో వార్తలు మొదలవగానే కీ ఇచ్చేవాడు. ఒకసారి కళ్ళంలో జారిపోతే, తూర్పారబట్టేటప్పుడు వడ్లలో దొరికింది. అద్దం రెండుసార్లు మార్పించాడు.

మా బావమరిది కళ్ళు వెలిగాయి. భూతద్దం ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. "1961లో బెంగళూరులో జపాను సిటిజన్ వాళ్ళ సాయంతో మొదలెట్టారు బావా వీటిని. 2016లో మూసేశాక గిరాకీ పెరిగింది. డయలు అసలుదే!" అంటూ వెనక్కి తిప్పాడు. అక్కడ 'చి. అల్లుడికి, 1969' అని చెక్కి ఉంది. నిట్టూర్చాడు. "అయ్యో, చెక్కించేశారా. పాడు చేశారు బావా. ఇలా రాతలుంటే ఎవడూ కొనడు."

అప్పుడతనికి పాల్ న్యూమన్ కథ చెప్పాను. హాలీవుడ్ నటుడు, కారు రేసుల పిచ్చి. భార్య ఒక రోలెక్స్ డేటోనా కొనిచ్చింది. ఆ రకం డయలున్నవి అప్పట్లో షాపుల్లో పోక దుమ్ము పట్టేవి. రీసేల్ కనుక్కోకపోగా, వెనక 'జాగ్రత్తగా నడుపు, నేను' అని చెక్కించింది కూడా. ఆయన ఏళ్ళ తరబడి రోజూ అదే పెట్టుకు తిరిగాడు. ఒకరోజు, కూతురి స్నేహితుడి చేతికి వాచీ లేదని తెలిసి తీసి ఇచ్చేశాడు, రోజూ కీ ఇస్తే బాగానే నడుస్తుందని చెప్పి. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో వేలం వేస్తే 1 కోటి 77 లక్షల 52 వేల 500 డాలర్లు పలికింది. ఏ చేతివాచీకీ వేలంలో అప్పటిదాకా అంత ధర రాలేదు.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది. హెచ్ఎంటీని మళ్ళీ తిప్పి, తాతయ్య చెక్కించిన అక్షరాల మీద భూతద్దం పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"మీ నాన్నగారు సినిమాల్లో ఏమైనా వేశారా బావా?"