రెగ్యులేటర్ ఉత్తరం ఎలా ఉండాలి?

శుక్రవారం సాయంత్రం రెగ్యులేటర్ నుంచి, అంటే మాలాంటి సంస్థలను పర్యవేక్షించే అధికార సంస్థ నుంచి మెయిల్ వస్తుంది. గత మూడేళ్ల వివరాలు సోమవారం కల్లా పంపాలని ఉంటుంది, జత చేసిన ఎక్సెల్ షీట్‌లో నలభై కాలమ్‌లు ఉంటాయి, వాటిలో సగానికి అర్థం ఏంటో ఎక్కడా రాసి ఉండదు. ఇలాంటి షీట్లు నింపే సీట్లో నేను కొన్నేళ్లు కూర్చున్నాను. టెన్షన్ అంతా గడువు గురించే ఉండేది, అంకె సరైనదా కాదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఒకసారి 'ఫిర్యాదుల సంఖ్య' అని ఒక కాలమ్ వచ్చింది. ఫోన్‌లో చెప్పినవి కూడా కలపాలా, రాసి ఇచ్చినవేనా? ఒకే మనిషి ఒకే విషయం మీద మూడుసార్లు అడిగితే అది ఒకటా, మూడా? అడుగుదామంటే ఎవరికి ఫోన్ చేయాలో ఆ ఉత్తరంలో లేదు. చివరికి రాసి ఇచ్చినవే లెక్కేశాం, ఎందుకంటే అలా అయితే అంకె చిన్నగా వస్తుంది. మేం అబద్ధం చెప్పలేదు. కానీ మాలాంటి ఇంకో సంస్థ నిజాయితీగా అన్నీ కలిపి పంపి ఉంటే, రెగ్యులేటర్ పట్టికలో మాకంటే వాళ్లే అధ్వాన్నంగా కనిపించి ఉంటారు. ఈ విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

బ్యాంకులైనా, ఆస్పత్రులైనా, విమానాలైనా, కరెంటు కంపెనీలైనా రెగ్యులేటర్ మనుషులు ప్రతిచోటా నిలబడి చూడలేరు. అందుకే సమాచారం అడిగే అధికారాన్ని చట్టం ఇస్తుంది. అధికారానికి లోటు ఉన్న సందర్భాలు తక్కువే. ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో తేల్చుకోకుండానే ఫార్మాట్ తయారుచేయడం, వచ్చిన జవాబును ఇంకో చోట సరిచూడకపోవడం, నా దృష్టిలో అసలు తప్పులు ఈ రెండే.

సరిచూడకపోతే ఏమవుతుందో అమెరికాలో జనం పెట్టుబడులు తీసుకుని మోసం చేసిన బెర్నార్డ్ మేడాఫ్ కేసు చూపించింది. కాగితాల మీద సుమారు 6,500 కోట్ల డాలర్లు చూపించిన ఆ మోసం 2008 డిసెంబరులో బయటపడింది. అంతకు ముందు అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ అతని సంస్థను ఒకటికి రెండుసార్లు పరిశీలించింది, అడిగిన కాగితాలు అతను ఇస్తూనే పోయాడు. ట్రేడింగ్ వివరాలను బయటి సంస్థ నుంచి తెప్పించుకోవడానికి అధికారులు ఒక ఉత్తరం డ్రాఫ్ట్ చేశారు కూడా, కానీ దాన్ని పంపలేదని, వచ్చే డేటాను చూడటానికి చాలా టైమ్ పడుతుందన్నది వాళ్లు చెప్పిన కారణమని ఆ కమిషన్ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ (అంతర్గత తనిఖీ అధికారి) 2009 నివేదికలో రాశారు. మేడాఫ్‌ను అడిగింది ఎంతో ఉంది, మేడాఫ్ గురించి వేరేవాళ్లను అడగాల్సిన ఒక్క ప్రశ్న ఆగిపోయింది.

ఏ రోజు లెక్క అడుగుతున్నామన్నది కూడా చిన్న విషయం కాదు. ఫలానా తేదీ నాటికి ఎంత అని ముందే తెలిసిన ప్రశ్న ఎప్పుడూ ఒకేలా వస్తుంటే, ఆ ఒక్క రోజు కోసం ఇల్లు సర్దుకోవడం నేర్చుకుంటారు. 2008లో దివాలా తీసిన అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ త్రైమాసికం ముగిసే ముందు ఆస్తులను కొద్ది రోజులకే తిరిగి తీసుకునే ఒప్పందంతో బయటికి పంపి, దాన్ని అమ్మకంగా చూపించేది. 2008 రెండో త్రైమాసికం చివర ఇలా సుమారు 5,000 కోట్ల డాలర్లు బ్యాలెన్స్ షీట్‌లో కనిపించకుండా పోయాయి. చివరి రోజు అంకెతో పాటు త్రైమాసికం మొత్తం సగటు కూడా అడిగి ఉంటే ఇంత సులువుగా దాగేది కాదు.

ఇవతలి పక్క న్యాయం కూడా చెప్పాలి. దాచడం వల్లే జవాబు రాదనుకోవడం తప్పు, చాలాసార్లు సంస్థకే తెలియదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఫలానా కంపెనీ మునిగితే మీకు ఎంత పోతుందని అడిగితే పెద్ద పెద్ద బ్యాంకులు కూడా వెంటనే చెప్పలేకపోయాయి, ఎందుకంటే ఒక్కో విభాగం లెక్క ఒక్కో సిస్టమ్‌లో ఉంది. బ్యాంకుల పర్యవేక్షణకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ బాసెల్ కమిటీ 2013 జనవరిలో రిస్క్ డేటాను ఎలా కూర్చాలో 14 సూత్రాలు ఇచ్చింది అందుకే. సిస్టమ్‌లో లేని అంకెను రెండు రోజుల్లో ఇవ్వమంటే వచ్చేది అంచనా, అది పట్టికలోకి ఎక్కాక నిజమైన లెక్కలాగే కనిపిస్తుంది.

అడగడానికీ ఒక ఖర్చు ఉంటుందని అమెరికా చట్టంలోనే రాసుకుంది. 1980 నాటి పేపర్‌వర్క్ రిడక్షన్ చట్టం ప్రకారం, ఫెడరల్ సంస్థ పది మందిని లేదా అంతకంటే ఎక్కువ మందిని ఒకే రకం ప్రశ్నలు అడగాలంటే, ఎందుకు అడుగుతున్నామో, నింపడానికి ఎంత సమయం పడుతుందో చెప్పి ముందుగా అనుమతి నంబర్ తీసుకోవాలి. ఆ నంబర్ లేని ఫారం నింపలేదని ఎవరికీ జరిమానా వేయకూడదు. ఈ ఏర్పాటు వల్ల పని నెమ్మదిస్తుంది, నిజమే, అత్యవసర పరిస్థితిలో ఇబ్బంది కూడా. అయినా 'ఎందుకు' అన్న ఒక్క లైను రాయాల్సి రావడం వల్లే ఎన్నో అనవసరపు కాలమ్‌లు పుట్టకముందే ఆగిపోతాయని నేను నమ్ముతాను.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు మాత్రం విమానయానంలో ఉంది. అమెరికాలో 1976లో మొదలైన ఏవియేషన్ సేఫ్టీ రిపోర్టింగ్ సిస్టమ్‌కు డబ్బు ఇచ్చేది అక్కడి విమానయాన రెగ్యులేటర్ అయిన ఎఫ్‌ఏఏ, కానీ పైలట్లు, కంట్రోలర్లు రాసే రిపోర్టులు వెళ్లేది నాసాకు. నాసా పేర్లు తీసేశాకే అవి మిగతావాళ్లకు చేరతాయి. కావాలని చేయని పొరపాటును పది రోజుల్లోగా రాసి పంపితే, ప్రమాదాలూ నేరాలూ మినహా, షరతులకు లోబడి జరిమానా నుంచి రక్షణ దొరుకుతుంది. శిక్షించే చేతికి నేరుగా ఇవ్వాల్సి వస్తే ఎవరూ రాయని విషయాలు ఈ దారిలో వస్తాయి. పైగా వచ్చినదాన్ని బులెటిన్‌గా వేసి మళ్లీ రాసినవాళ్లకే పంపుతారు.

మేం నింపిన షీట్లలో ఒక్కదానికీ అలాంటి తిరుగు టపా రాలేదు. మా అంకె అందరి సగటు కంటే ఎక్కువో తక్కువో, దాన్ని చూసి ఏ నిర్ణయం తీసుకున్నారో ఎన్నడూ తెలియలేదు, తర్వాతి ఏడాది అదే షీట్ ఇంకో రెండు కాలమ్‌లతో వచ్చింది. పేర్లు తీసేసిన ఉమ్మడి పట్టిక ఒకటి వెనక్కి పంపి, ఉత్తరం కింద ఒక ఫోన్ నంబర్, 'ఫిర్యాదు అంటే ఇది' అని రెండు లైన్లు రాసి ఉంటే, ఆ ఏడాది మేం ఫోన్‌లో వచ్చినవి కూడా కలిపి పంపేవాళ్లం.